ముందు వరస

మా నాన్న గూడ్సు గార్డు. ముప్ఫై రెండేళ్ళు బిలాస్‌పూర్ డివిజన్‌లో బండి వెనక డబ్బాలో కూర్చుని తిరిగాడు. గార్డుల దగ్గర రఫ్ జర్నల్ అని ఒక పుస్తకం ఉంటుంది. ఏ స్టేషన్‌కి ఎన్నింటికి చేరాం, ఎన్నింటికి కదిలాం, ఆగితే ఎందుకు ఆగాం, అన్నీ అక్కడికక్కడే రాయాలి. అది డిపార్టుమెంటు పుస్తకం. నాన్న మాత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చాక, స్నానం చేసి, తన కోసం వేరే నోటుబుక్కులో ఎత్తి రాసుకునేవాడు. టైములు అంకెల్లో, కారణాలు తెలుగులో. ఆయన పోయాక అలాంటి నోటుబుక్కులు పదకొండు అటక మీద దొరికాయి. అమ్మ వాటిని పాత చీరలో మూటగట్టి నాకిచ్చింది.

నేను రాసేది వేరే రకం రాత. ఛత్తీస్‌గఢీ వీడియో పాటలకి, చిన్న సినిమాలకి కథలూ మాటలూ రాసి బతుకుతాను. 2018 ఎండాకాలంలో ఒక నాయకుడి మనుషులు ఇంటికొచ్చారు. నవంబరులో ఎన్నికలు. ఆయన మీద ఇరవై రెండు నిమిషాల సినిమా కావాలి, ఎల్‌ఈడీ వ్యాను మీద వాడవాడలా వేస్తారు. అడ్వాన్సు అక్కడే చేతిలో పెట్టారు. తల్లి, పేదరికం, చదువు, సేవ అన్నీ నన్నే అల్లుకోమన్నారు. ఒక్క సీను మాత్రం పట్టుబట్టి అడిగారు. "జోన్ ఆందోళన ఉండాలి. భయ్యా ముందు వరసలో నడుస్తూ కనబడాలి."

మా ఊళ్ళో ఆ సీనుకి ఉన్న విలువ బయటివాళ్ళకి తెలియదు.

1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ పుట్టింది. 1891 నాటికి నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా లైను పడింది, ఇటు కట్నీ వైపు ఇంకో కొమ్మ చీలింది. అర్పా నది ఒడ్డున ఉన్న ఊరు జంక్షన్ అయింది. వాల్తేరు వైపు పట్టాలూ ఆ కంపెనీవే కాబట్టి సోంపేట, పలాస, ఆమదాలవలస చుట్టుపక్కల పల్లెల నుంచి మనవాళ్ళు గ్యాంగుమన్లుగా, ఫైర్‌మన్లుగా, ఖలాసీలుగా ఆ పట్టాల వెంబడే ఖరగ్‌పూర్ చేరారు, బిలాస్‌పూర్ చేరారు. 1931లో విజయనగరం, రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక దారి దగ్గరైంది. మా తాత ఆ దారినే ఇచ్ఛాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి లోకోషెడ్డులో బొగ్గుపార పట్టాడు. 1928లో బి.ఎన్.ఆర్. కార్మికుల సమ్మె నడిపించిన వి.వి.గిరి గారి పేరెత్తితే పడుకున్నవాడు లేచి కూర్చునేవాడని నాన్న చెప్పేవాడు.

కంపెనీ పోయి సౌత్ ఈస్టర్న్ రైల్వే వచ్చింది. హెడ్డాఫీసు కలకత్తా గార్డెన్ రీచ్‌లో. కోర్బా బొగ్గు మోసి సంపాదించి పెట్టేది మేము, సంతకాలు పడేది అక్కడ. సొంత జోన్ కావాలని ఊరు ఏళ్ళ తరబడి అడిగింది. అర్జీలు అయిపోయాయి, ధర్నాలు అయిపోయాయి. 1996 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, జనం పట్టాల మీదికి వచ్చేశారు. రైళ్ళు నిలిచిపోయాయి, స్టేషన్ దగ్గర మంటలు లేచాయి. 1998లో కొత్త జోన్‌కి ప్రారంభం జరిగింది. 2003 ఏప్రిల్ నుంచి సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే బిలాస్‌పూర్ హెడ్డాఫీసుగా నడుస్తోంది. ఈ ఊరు తన చేతుల్తో గెలుచుకున్నది ఏదైనా ఉంటే అదే. కాబట్టి ఇక్కడ ఓటు అడిగే ప్రతి మనిషికీ ఆ జనవరిలో తానొక చోట నిలబడి ఉండటం అవసరం.

స్క్రిప్టు కోసం నాయకుణ్ణి కలిశాను. మర్యాదస్థుడు. తన చేత్తో టీ అందించి, అడగకుండానే చెప్పాడు: "అప్పుడు నేను భోపాల్‌లో చదువుకుంటున్నాను. కానీ మనసంతా ఇక్కడే ఉండేది." ఆయన నాతో అబద్ధమాడలేదు. నేనే ఇంటికొచ్చి ఆ మనసుకి తెల్ల కుర్తా తొడిగి పట్టాల మీద నడిపించాను.

ఈ పని నాతో మొదలైంది కాదు. మా ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో రతన్‌పూర్ ఉంది, కలచురి రాజుల రాజధాని. అక్కడ దొరికిన ఒకటవ జాజల్లదేవుడి శిలాశాసనం ఇప్పుడు నాగ్‌పూర్ మ్యూజియంలో ఉంది. కలచురి సంవత్సరం 866, అంటే క్రీ.శ. 1114. సంస్కృతంలో రాసిన ప్రశస్తి. వంశం ఎక్కడ పుట్టిందో, రత్నరాజు ఈ ఊరు ఎలా కట్టాడో, ఎవరెవరు కప్పం కట్టారో వరసగా చెబుతుంది. అందులో ఒక చోట నాకు నా వృత్తివాడు కనిపిస్తాడు. జాజల్లదేవుడు సోమేశ్వరుడనే రాజుని యుద్ధంలో పట్టుకున్నాడు, మంత్రులతో సహా, రాణులతో సహా. తర్వాత తల్లి మాట మీద విడిచిపెట్టాడు. గెలవడం ఒక్కటే చెబితే వినేవాడికి భయం వేస్తుంది. తల్లి చెప్పగానే వదిలేశాడంటే ప్రేమ పుడుతుంది. తొమ్మిది వందల ఏళ్ళ కింద ఆ కవికి ఈ కిటుకు తెలుసు. 2018లో మా నాయకుడి సినిమా మూడో నిమిషంలో తల్లి సీను పెట్టింది నేనే. ఆ చెరలో ఎన్నాళ్ళున్నారో, ఎవరెవరు తిరిగి ఇల్లు చేరారో రాతిమీద ఉండదు. అది రాయించుకున్నవాడు అడగలేదు.

మన తెలుగులో ఈ వ్యవహారానికి ఒక పద్ధతి ఉండేది. కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాడు కృతిభర్త. అతని వంశవర్ణన, పొగడ్తలు అవతారికలో వస్తాయి. ప్రతి ఆశ్వాసం మొదట్లో, చివర్లో అతన్ని పిలిచి ఒక పద్యం. మధ్యలో ఉన్న కథ మాత్రం కవిది. పెద్దన మనుచరిత్రని కృష్ణదేవరాయలికి ఇచ్చాడు, కానీ ప్రవరుడు హిమాలయం మీద దారి తప్పినప్పుడు రాయలవారు వచ్చి చెయ్యి అందించరు. పోతన ఆ మాత్రం కూడా ఒప్పుకోక భాగవతాన్ని రాముడికే ఇచ్చేశాడు. చిన్నప్పుడు అమ్మ ఇవన్నీ కథల్లా చెబుతుంటే పోతనే గొప్పవాడని, మిగతావాళ్ళు తక్కువని అనుకునేవాణ్ణి. ఇప్పుడు పెద్దన మీద కూడా గౌరవం పెరిగింది. పొగడ్తకి ఒక గది కట్టి, దాన్ని ఆ గదిలోనే ఉంచాడు. మేము చేసేది అలా కాదు. మా సినిమాల్లో అవతారికే కథ అయి కూర్చుంది.

మా బిలాస్‌పూర్‌కి ఈ దారిలో నడిచిన పెద్ద కవి ఒకాయన ఉన్నారు. శ్రీకాంత్ వర్మ. 1931లో ఈ ఊళ్ళో పుట్టారు. నాగ్‌పూర్‌లో ఎం.ఏ. చేసి ఢిల్లీ వెళ్ళి, 'దినమాన్' పత్రికలో విలేకరిగా పనిచేశారు. 1976లో రాజ్యసభ సభ్యులయ్యారు, కాంగ్రెస్ ప్రధాన కార్యదర్శిగా, అధికార ప్రతినిధిగా ఉన్నారు. 1980 ఎన్నికల్లో ఉత్తర భారతమంతా మోగిన నినాదం ఒకటుంది, కులాన్ని చూసి కాదు, ఇందిర మాట మీద చేతి గుర్తుకి ముద్ర వేయమనేది. అది ఆయన రాసిందేనని చెబుతారు. గోడల మీద సున్నం కొట్టి రాసిన ఆ అక్షరాలు మా వీధుల్లో చాలాకాలం మాసిపోలేదని పెద్దవాళ్ళు అంటారు.

అదే మనిషి 1984లో 'మగధ్' అనే కవితా సంపుటి తెచ్చారు. చిన్న చిన్న కవితలు. మగధ, కోసల, కాశి, అవంతి. ఉన్నాయో లేవో తెలియని రాజ్యాలకి దారి అడిగే మనుషులు, అడగాల్సిన ప్రశ్న అడగకుండా ఊరుకున్నవాళ్ళు. అధికారం నడిబొడ్డున కూర్చున్నవాడు రాసిన పుస్తకమని తెలియకపోతే, అధికారం చేతిలో నష్టపోయినవాడు రాశాడనుకుంటాం. 1986లో ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆ తర్వాత 'మగధ్'కి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

నేను హిందీలో చదువుకున్నాను కాబట్టి ఆ పుస్తకం పేరుని రాజ్యం పేరుగానే చదివాను. ఒకరోజు అమ్మ ఎవరినో తిడుతూ "ఆడి చుట్టూ అందరూ వందిమాగధులే" అంది. చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. మాగధుడంటే మగధవాడు మాత్రమే కాదు, రాజు ఎదుట నిలబడి వంశాన్ని కీర్తించేవాడు కూడా. హిందీలో రోజువారీ మాటలో ఆ అర్థం వినబడదు. మన తెలుగులో ఇంకా వంటింటి మాటగా బతికే ఉంది. సంస్కృతం బాగా ఎరిగిన వర్మగారికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందని నేననుకోను. ఆ పుస్తకాన్ని ఆయన తన పని గురించే రాసుకున్నారని నా నమ్మకం. ఆయన అమ్ముడుపోయారని అనేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. రెండు రకాల రాతా తన చేత్తోనే రాసి, రెండూ తన పేరు మీదే ఉంచారు. నినాదాలు రాసిన చెయ్యే 'మగధ్' కూడా రాయగలిగిందంటే నాకు ఇప్పటికీ ధైర్యంగా ఉంటుంది.

ఇంకొకరు సత్యదేవ్ దూబే. 1936లో బిలాస్‌పూర్‌లోనే పుట్టారు. క్రికెట్ ఆడదామని బొంబాయి వెళ్ళి నాటకాల్లో పడ్డారు. శ్యామ్ బెనెగల్ 1974లో 'అంకుర్' తీస్తే దానికి మాటలు ఈయనవే, మరుసటి ఏడు 'నిశాంత్'కీ ఈయనే. తెలంగాణ పల్లెలో దొర, దొర కొడుకు, పనిమనిషి, మూగవాడు. ఆ దక్కనీ హిందీని మా ఊరి మనిషి రాశాడు. చివర్లో ఒక పిల్లవాడు దొర కిటికీ అద్దం మీద రాయి విసురుతాడు. ఆ సీనుకి మాటలు అక్కర్లేదు. మాటలు రాసేవాడు అక్కడ ఊరుకోవడం నేర్చుకోవాలి. 'భూమిక' స్క్రీన్‌ప్లేకి జాతీయ పురస్కారం కూడా అందుకున్నారు. కానీ నేను ఆయన పేరు తలుచుకునేది ఆ రాయి కోసమే. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన అదే బెనెగల్, చివరి సినిమాగా రెండు ప్రభుత్వాల నిర్మాణంలో బంగ్లాదేశ్ ముజీబ్ జీవితకథ తీశారు. 2023 అక్టోబరులో విడుదలైంది. 2024 ఆగస్టులో ముజీబ్ కూతురి ప్రభుత్వం కూలిపోయింది. ఆ డిసెంబరులో బెనెగల్ వెళ్ళిపోయారు.

మా సినిమా షూటింగుకి వస్తాను. జనరేటరు, రెండు కెమెరాలు, పాడుబడిన సైడింగు ఒకటి. ఆందోళనకారులుగా నలభై మంది కుర్రాళ్ళని మనిషికి మూడు వందలిచ్చి తెచ్చారు. నాయకుడి పాత్ర వేసినవాడు జెండా పట్టుకుని నడుస్తాడు, వీళ్ళు వెనక. మొదటి టేకు అయ్యాక ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చి, "సార్, మా నాన్న నిజంగానే ఆ రోజు ఉన్నాడు. అప్పట్లో స్టేషన్ కూలీ. ఎర్రచొక్కాతోనే పట్టాల మీద కూర్చున్నాడట. ఎర్రచొక్కా ఒకటి పెట్టించండి" అన్నాడు. నేను డైరెక్టరుకి చెప్పాను. ఫ్రేములో ఎరుపు ఉంటే కన్ను అటు పోతుంది, కుర్తా మీద నిలవదు అన్నాడు డైరెక్టరు. పనితనం పరంగా ఆ మాట సరైనదే. నేను తలూపాను. కుర్రాడు మళ్ళీ వెనక వరసలోకి వెళ్ళి నిలబడ్డాడు.

ఆ రాత్రి స్క్రిప్టు అమ్మకి చదివి వినిపించాను. ఏది రాసినా ఆమెకి చదవడం అలవాటు. హిందీలో విని తెలుగులో జవాబు చెబుతుంది.

"ఏటిరా ఇది? ఆ దినాన మీ నాన్న బండితో గతౌరాలో ఉండిపోనాడు. రెండ్రోజులు ఇంటికి రానేదు. అరిసెలు డబ్బాలో అలాగే ఉన్నాయి. ఈ బాబెవుడు? ఎక్కడ్నించొచ్చాడు?"

అమ్మ ఇచ్చిన నోటుబుక్కుల మూట ఆ రాత్రే విప్పాను. 1996 నోటుబుక్కు నీలం అట్టది, అంచులు ఎలుకలు కొరికాయి. జనవరి పేజీలో నాన్న చేతిరాత ఎప్పటిలాగే కుడివైపుకి ఒరిగి ఉంది. గతౌరా, చేరిన టైము 13.40. కదిలిన టైము దగ్గర ఖాళీ. కారణం: "బిలాస్‌పూర్‌లో జనం లైను మీద." దాని కింద ఇంకో ముక్క: "డ్రైవరు, నేను, గేటు కాడ ముసలమ్మ ఇచ్చిన జొన్నరొట్టి తిన్నాం." ఖాళీ వదిలిన ఆ గడి మరుసటి పేజీలో నిండింది.

ఇంకో రెండు పేజీలు తిప్పితే జనవరి 18. ఆ రోజు తెల్లవారుజామున ఎన్.టి.రామారావు గారు పోయారు. మా రైల్వే కాలనీలో ఆయన బొమ్మ లేని తెలుగిల్లు లేదు. ఆడవాళ్ళు వీధిలో కూర్చుని ఏడ్చారు. ఆ వారంలో కాలిన వాసన ఇంకా పోలేదు, దాని మీద ఈ వార్త. నాన్న రాసుకున్నది ఇంతే: "రామారావు గారు పోయారు. బండి 16.10కి కదిలింది."

మా సినిమా తీసిన మరుసటి ఏడాది, 2019లో, ఆ జనవరి నాకు మళ్ళీ ఎదురైంది. ఏప్రిల్ 11న ఆంధ్రలో పోలింగు. దానికి ముందే జనవరిలో 'ఎన్.టి.ఆర్. కథానాయకుడు', ఫిబ్రవరి 22న 'మహానాయకుడు' వచ్చాయి. క్రిష్ దర్శకుడు, కొడుకు బాలకృష్ణే తండ్రి వేషం వేసి నిర్మించారు, బుర్రా సాయిమాధవ్ మాటలు. 1984 ఆగస్టులో కుర్చీ పోవడం, సెప్టెంబరులో తిరిగి రావడం ఉన్నాయి. ఆ కుర్చీ మళ్ళీ కదిలిన 1995 ఆగస్టు లేదు, కాబట్టి ఆయన పోయిన 1996 జనవరీ లేదు. మార్చి 29న రామ్‌గోపాల్ వర్మ 'లక్ష్మీస్ ఎన్.టి.ఆర్.' వచ్చింది. ఆ రెండు సినిమాలు వదిలేసిన కాలమే దీనికి కథ. ఆంధ్రలో పోలింగుకి ముందు దీన్ని వేయనివ్వలేదు. ఒక మనిషి బతుకుని రెండు ముక్కలు చేసి, ఒక పక్షం ఒక ముక్క, ఇంకో పక్షం ఇంకో ముక్క పట్టుకుపోయింది. ఫిబ్రవరి 8న వచ్చిన 'యాత్ర' వై.ఎస్. గారి 2003 పాదయాత్ర మీద, చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా. మా తాత ఊరి రోడ్డు తెర మీదికి వచ్చిందని అమ్మ రెండుసార్లు చూసింది. ప్రధాని మోదీ మీద తీసిన హిందీ సినిమాని ఎన్నికల సంఘం ఆపితే, ఫలితాల మర్నాడు మే 24న విడుదలైంది.

ఈ సినిమాల రచయితల్ని నేను తప్పుపట్టను. వాళ్ళ బల్ల ముందు కూర్చుని చూసినవాణ్ణి. అబద్ధం రాయమని మమ్మల్ని అడిగేవాళ్ళు తక్కువ. ఎక్కడ మొదలెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఫ్రేములో ఎవరు ఉండకూడదు, అడిగేది ఈ మూడే. మూడోది నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది. రాజుల్ని తప్పించినా చరిత్ర వాళ్ళని ఎక్కడో ఒక చోట పట్టుకుంటుంది. ఎర్రచొక్కాని తప్పిస్తే అతని కోసం వెతికేవాడు ఎవడూ ఉండడు.

మా స్టేషన్‌లో టాగోర్ కవిత ఒకటి రాసి పెట్టారు. 'ఫాంకి' దాని పేరు, 1918 నాటి 'పలాతక'లోది. భర్త జబ్బు భార్యని గాలి మార్పుకి తీసుకెళ్తూ బిలాస్‌పూర్‌లో బండి మారడానికి ఆగుతాడు. అక్కడ ఒక కూలీ భార్య రుక్మిణి, కూతురి పెళ్ళికి డబ్బు లేదని ఈమెకి చెప్పుకుంటుంది. పాతిక రూపాయలు ఇవ్వమని భార్య అడిగితే, అతను రుక్మిణిని బెదిరించి రెండు రూపాయలు చేతిలో పెట్టి, ఇచ్చానని భార్యతో అంటాడు. ఆమె ఆ తృప్తితోనే పోతుంది. తర్వాత అతను అప్పు తీర్చుకుందామని బిలాస్‌పూర్ తిరిగి వస్తాడు. రుక్మిణి ఎక్కడికి వెళ్ళిందో ఎవరికీ తెలియదు. వేల మంది రోజూ ఆ అక్షరాల పక్కనుంచే బండెక్కుతారు. నేనూ ఎక్కాను, ఏళ్ళ తరబడి, చదవకుండా. మా సినిమా బుధవారీ బజారులో ఎల్‌ఈడీ వ్యాను మీద ఆడిన మర్నాడు మాత్రం నిలబడి మొత్తం చదివాను.

షూటింగు లిస్టులో కుర్రాడి ఫోను నంబరు ఉంది. 2008లో రైల్వే కూలీల్ని గ్యాంగుమన్లుగా తీసుకున్నప్పుడు వాళ్ళ నాన్నకీ ఉద్యోగం వచ్చిందని, ఇప్పుడు పేండ్రా రోడ్డు వైపు డ్యూటీ అని చెప్పాడు. కట్నీ లైనులో మధ్యాహ్నం దిగాను. గ్యాంగు పని ముగించుకుని చింతచెట్టు కింద సామాను సర్దుకుంటున్నారు. తల నెరిసిన మనిషి. పారకి అంటిన మన్ను గడ్డితో తుడుస్తున్నాడు. నేను సినిమా సంగతి దాచకుండా చెప్పాను, నేనే రాశానని చెప్పాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. కొడుకుకి ఇచ్చిన మూడు వందలు సరిగ్గా ముట్టాయన్నాడు.

నాన్న నీలం నోటుబుక్కు తీసి, ఖాళీగా ఉన్న చివరి పేజీలో తేదీ వేశాను. ఆ రోజు ఎన్నింటికి వచ్చారు, ఎవరెవరు ఉన్నారు, ఏం తిన్నారు అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాను. పొద్దున ఏడింటికి. కూలీలు, పండ్ల బళ్ళవాళ్ళు, కాలేజీ పిల్లలు, వర్క్‌షాపువాళ్ళు. ఎవరో బస్తాడు శెనగలు తెచ్చి పంచారు. ముందు వరసలో ఎవరు కూర్చున్నారని అడిగాను.

ఆయన పార పక్కన పెట్టి కాసేపు ఆలోచించాడు. "ముందు వరసంటూ ఏమీ లేదు బాబూ. బండి ఎటు నుంచి వస్తుందంటే అటు తిరిగి కూర్చునేవాళ్ళం."